పేరు చెరిపిన గుండిగ

పెనుకొండ,
ఫిబ్రవరి 18

అమ్మా అమృతా,

మన వీధిలో పెళ్ళి జరిగింది, మరుసటి రోజు చెత్తబండి ఖాళీగా పోయింది. ఈ మాట ముందు రాసేయాలన్న తొందరలో నీ క్షేమం కూడా అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నాను. నువ్వూ ప్రవీణూ బాగున్నారు కదా తల్లీ. మగ్గం బాగా ఆడుతోంది కదా.

పెళ్ళి మన ఎదురింటి సురేంద్ర కూతురిది. నాలుగు వందల మంది భోంచేశారు. ఒక్క ప్లాస్టిక్ గ్లాసు లేదు, ఒక్క థర్మకోల్ ప్లేటు లేదు, ఒక్క నీళ్ళ ప్యాకెట్టు లేదు. పొద్దున్నే చెత్తబండి అతను అలవాటుగా పెళ్ళింటి ముందు ఆపాడు. దిగాడు. అటూ ఇటూ చూశాడు. "ఏమప్పా, పెండ్లి వాయిదా పడినాదా?" అని నన్నే అడిగాడు. నేను అరుగు మీద కూర్చుని కడుపు పట్టుకుని నవ్వాను. మిగిలిన అన్నం, కూరగాయల తొక్కు ఆవులకు పోయింది, ఇంకా మిగిలింది ఎరువు గుంతకు పోయింది. అంతే అమ్మా, ఇంకేం లేదు.

ఇది ఎట్లా జరిగిందో చెబుతాను. పోయిన దీపావళికి అటక తుడిచాను. మనకు పెళ్ళిళ్ళలో, గృహప్రవేశాల్లో చదివించిన స్టీలు సామాను నూట పద్నాలుగు ఉన్నాయి. మీ అమ్మా నేనూ తినేది రెండు పళ్ళేల్లో. ఎవరి అటక చూసినా ఇదే కథ. సామానేమో అటక మీద పెడతాం, కార్యం వస్తే ప్లాస్టిక్ ప్లేట్లు కొనుక్కొచ్చి మళ్ళీ వంకలో పారేస్తాం. ఇది బుద్ధి ఉన్నవాళ్ళు చేసే పనేనా అని ఇంటింటికీ తిరిగి అడిగాను. ఆరో తరగతి చదివినవాడు వచ్చి బుద్ధులు చెబుతున్నాడని కొందరు నవ్వారు. నవ్వినవాళ్ళు కూడా ఇచ్చారు. ముప్పై ఒక్క ఇళ్ళ సామాను వచ్చింది. సురేంద్ర తన ఖాళీ అంగడి గది ఇచ్చాడు. తలుపు మీద సున్నంతో 'వీధి సామాను' అని నేనే రాశాను. ఎవరింట్లో కార్యమైనా తీసుకుపోవాలి, బూడిదా చింతపండూ వేసి తోమి తిరిగి పెట్టాలి. బాడుగ లేదు.

ఇంకొక తెలివైన పని కూడా చేశాను, విను. సామాను మీద పేర్లు కొట్టించి ఉంటాయి కదా, ఎవరు ఎవరికి ఇచ్చారో చుక్కలు చుక్కలుగా. ఆ పేర్లు కనబడితే తగాదా తప్పదు. మా చెల్లెలు ఇచ్చిన పళ్ళెంలో వాళ్ళెందుకు తినాలి అని మొదలవుతుంది. అందుకని అంతా ఆటోలో వేసుకుని హిందూపురం పోయి, పాలిష్ పట్టే అంగడిలో పేర్లన్నీ చెరిపించేశాను. ఇప్పుడు అద్దాల్లాగా ఉన్నాయి. నాదీ లేదు, నీదీ లేదు. మనింటి పెద్ద ఇత్తడి గుండిగ కూడా ఇచ్చాను. పెళ్ళి పులుసు మొత్తం రెండు వాయిలుగా అందులోనే కాగింది.

మీ అమ్మ కొంచెం ముభావంగా ఉంది. పెళ్ళి పని అలసట అనుకుంటా. నిన్న మాత్రం ఒక మాట అంది, "నన్నూ ఆ అంగడికే తీసుకపోయి పాలిష్ పట్టియ్యి, ఒక పనైపోతాది" అని. ఆమె హాస్యం నీకు తెలిసిందే.

ఈ కాగితం వెనక శుభలేఖ ఉంది, పట్టించుకోవద్దు. ఒక వైపు ఖాళీగా ఉన్నదాన్ని పారేయడమెందుకు? ఫోన్ చేద్దామంటే నా చెవికి అవతలి గొంతు తేనెతుట్టె రొదలాగా వినిపిస్తుంది. నువ్వు కూడా జాబే రాయి. నీ రాతనైతే రెండుసార్లు చదువుకోవచ్చు.

మీ నాయన,
రామాంజనేయులు


ధర్మవరం,
ఫిబ్రవరి 26

నాయనా,

నీ జాబు ప్రవీణ్‌కు చదివి వినిపించాను. చెత్తబండి అతని మాట దగ్గర ఆయన మగ్గం ఆపేసి నవ్వాడు. పట్టు నేసేటప్పుడు మగ్గం ఆపించడం చిన్న విషయం కాదు. మేము కూడా ఒకటి మొదలుపెట్టాము. చీరలకు ప్లాస్టిక్ కవర్లు మానేసి, పాత నూలు పంచెలు ఉతికి, కత్తిరించి వాటిలో చుట్టి ఇస్తున్నాము. కొనేవాళ్ళు మొదట మొహం అదోలా పెట్టారు. ఇప్పుడు ఆ గుడ్డ కోసమే రెండోసారి వచ్చినావిడ ఉంది.

నాయనా, ఒకటి అడుగుతాను, కోపం తెచ్చుకోవద్దు. ఇచ్చేశానన్న ఇత్తడి గుండిగ అవ్వ గుండిగేనా? మెడ కింద 'పుట్టమ్మ' అని ఉంటుంది, అదేనా? ఆ పేరు కూడా చెరిపించావా?

అవ్వ పోయి తొమ్మిదేళ్ళయింది. అమ్మకు వాళ్ళ అమ్మది ఇంట్లో మిగిలింది అదొక్కటే. నా చిన్నప్పుడు అమ్మ ఆ అక్షరాల మీద నా వేలు పెట్టి తిప్పించేది. పలక మీద కంటే ముందు నేను అక్షరాలు దిద్దింది ఆ గుండిగ మీదే.

అమ్మను అడిగే ఇచ్చావు కదా?

అమృత


పెనుకొండ,
మార్చి 9

అమ్మా అమృతా,

పదకొండు కార్యాలు వరసలో ఉన్నాయి. పదకొండు. పక్క వీధి వాళ్ళు కూడా అడుగుతున్నారు. మొన్న నామకరణం జరిగిన ఇంట్లో వాళ్ళు సామాను తోమి, తుడిచి, ఎండబెట్టి తెచ్చారు, మనం ఇచ్చినప్పటికంటే శుభ్రంగా.

నేను ఇంట్లో కూడా చాలా మార్చాను. స్నానానికి ఒక్క బకెట్టు. బట్టలకు కుంకుడు రసం. గిన్నెలు కడిగిన నీళ్ళు కరివేపాకు చెట్టుకు. అది ఎంత ఏపుగా వచ్చిందంటే దారిన పోయేవాళ్ళు ఆగి రెమ్మ తుంచుకుంటున్నారు. అన్నం నేనే వండుకుంటున్నాను. కొంచెం ముద్దవుతోంది, అయినా అరుగుతుంది.

గుండిగ గురించి ఏదో అడిగావు. అదే గుండిగ. బాగా మెరుస్తోంది. అమ్మను అడగడమంటే, ఆ రోజు ఆమె గుడికి పోయింది, ఈలోపల ఆటో వచ్చేసింది. అది ఇప్పుడు ఒక గృహప్రవేశానికి పోయింది. మిగతా సామాను వచ్చింది కానీ గుండిగా ఇరవై పళ్ళేలూ ఇంకా రాలేదు. వస్తాయి. ఎక్కడికి పోతాయి?

అమ్మ హిందూపురంలో ఉంది. మీ వేణుమాధవ్ మామకు మోకాలు నొప్పి అని చూసి రావడానికి పోయింది. నాలుగు రోజుల్లో వస్తానంది. పోయిన ఆదివారం కాదు, దాని ముందటి ఆదివారం పోయింది.

నువ్వేమీ దిగులుపడొద్దు. ఇక్కడంతా చాలా సంతోషంగా ఉంది.

నాయన

చింత తొక్కు జాడీ అమ్మ ఎక్కడ పెడుతుందో నీకు తెలుసా?


ధర్మవరం,
మార్చి 17

నాయనా,

మామ మోకాలు రాయిలాగా ఉంది. నేను ఫోన్ చేస్తే మేడ మెట్లెక్కుతూనే మాట్లాడాడు.

తర్వాత అమ్మ మాట్లాడింది. ఆమె చెప్పింది చెప్పినట్టే రాస్తున్నాను. ఫోన్లో చెబితే నువ్వు సగం వినవు, విన్న సగం ఒప్పుకోవు.

"మీ నాయన ఇప్పుడేదో కొత్తగా కనిపెట్టినాడంటనే, వీధి సామాను. మా అమ్మ గుండిగ ఇంట్లో నిలిచింది ఎప్పుడు? ఎవురింట్లో కార్యమైనా అదే పోతాండె. ఒకసారి పోయింది ఆరు నెల్లు రాలేదు. చేతులు మారి మారి మడకశిర దాకా పోయుండాది. అప్పుడు కొట్టిచ్చింది పేరు. నాదని చెప్పుకునేదానికి కాదు, మళ్ళ ఇంటికి రావల్లని. ఇచ్చినందుకు నాకు కోపం లేదు అమ్రుతా. అడిగింటే నేనే తోమి ఇచ్చిందును. నన్నొక మాట అడక్కుండా మా అమ్మను చెరిపేసినాడు."

అంతే అంది. తర్వాత పక్కింటి కుట్టుమిషన్ గురించి మాట్లాడింది.

నాయనా, నీ జాబులో పదకొండు కార్యాలున్నాయి, కరివేపాకు చెట్టు ఉంది, కుంకుడు రసం ఉంది. అమ్మ ఎందుకు వెళ్ళిందో లేదు. నాకెందుకు దాచావు? వీధిలో ముప్పై ఇళ్ళ తలుపులు తట్టి అడిగినవాడివి, మనింట్లో అడగలేకపోయావా?

గుండిగ వెతుకు. దొరకకపోయినా సరే, హిందూపురం వెళ్ళు.

తొక్కు జాడీ అల్మారా కింది అరలో, బియ్యం డబ్బా వెనక ఉంటుంది. చెప్పకూడదనే అనుకున్నాను.

అమృత


హిందూపురం,
ఏప్రిల్ 2

అమ్మా అమృతా,

మీ అమ్మ నాతో మాట్లాడింది. మూడే మూడు మాటలు, అయినా మాట్లాడింది. మీ మామ ఇంటి వరండాలో కూర్చుని ఇది రాస్తున్నాను.

నీ జాబు చదివాక గృహప్రవేశం చేసినవాళ్ళింటికి పోయాను. వాళ్ళు మంచివాళ్ళే. కార్యం అయ్యాక వంటవాళ్ళు తమ సామానుతో పాటు ఉన్నదంతా వ్యానులో ఎక్కించుకుపోయారట. ఆ వంటల ఆయన చంద్రమోహన్, మీ ధర్మవరం మనిషే. "మీ గుండిగ మీద యా పేరుండాది, ఫోన్ చేసి చెప్తాం" అని అడిగారు. పేరు లేదన్నాను. "పోనీ గుర్తేమన్నా?" అన్నారు. మెరుస్తా ఉంటుంది అన్నాను. అక్కడున్నవాళ్ళంతా నవ్వారు. నాకూ నవ్వొచ్చింది, తర్వాత రాలేదు. తగాదాలు వస్తాయని పేర్లు తీసేశాను. పేరు తీసేశాక నా గుండిగ ఇదీ అని అడగడానికి నోటిలో మాట కూడా లేకుండా పోయింది. మీ అవ్వకు చదువు రాదు. ఆమెకు తెలిసింది నాకు తెలియలేదు.

ఉగాది పచ్చడి ఒక్కడినే చేసుకున్నాను. బెల్లం వేయడం మరిచిపోయాను. మరుసటి రోజు పొద్దున్నే ఒక సంచీ నిండా కరివేపాకు కోసుకుని బస్సెక్కాను. ఇంకేం తీసుకుపోవాలో తోచలేదు.

మీ మామ వాకిట్లోనే పట్టుకున్నాడు. "రా బావా. ఏంది, మొగం ఇంత నున్నగుండాది, నువ్వు కూడా పాలిష్ పట్టించుకున్యావా?"

"నీ మోకాలెట్లుండాది వేణూ" అన్నాను.

"నా మోకాలికేమి? నీ జాబులో తప్ప యాడా నొప్పి లేదు."

మీ అమ్మ లోపలి నుంచి వచ్చింది. సంచీ తీసుకుంది, కరివేపాకు వాసన చూసింది. "గుండిగ యాడ?" అంది. అది మొదటి మాట.

"పోయింది యమునా. నేనే పోగొట్టినా. నిన్ను అడిగింటే పోయేది కాదు" అన్నాను.

మీ మామ మధ్యలో దూరి, "పోతే పోయింది లేక్కా, దుడ్లు పెడితే కొత్తది రాదా" అన్నాడు. మీ అమ్మ అతన్ని ఒక్క చూపు చూసింది. అతను లేచి మోకాలు పట్టుకుని కుంటుకుంటూ లోపలికి పోయాడు.

"తిన్యావా?" అంది. రెండో మాట.

"ఊఁ" అన్నాను. అబద్ధమని ఆమెకు తెలుసు. పళ్ళెం తెచ్చి పెట్టి, "తిని పో" అంది. మూడో మాట. పొమ్మంది నిజమే. కానీ తిని పొమ్మంది కదా. నాకు ఎంత సంతోషమైందో రాయలేను.

నువ్వు ఆ చంద్రమోహన్ గోడౌను కనుక్కో. గుండిగ దొరికితే మాత్రం నాకు చెప్పొద్దు. ముందు మీ అమ్మకు చెప్పు.

నాయన


ధర్మవరం,
ఏప్రిల్ 20

నాయనా,

నువ్వు చెప్పినట్టే ముందు అమ్మకే చెప్పాను. అందుకే నీకు ఆలస్యంగా రాస్తున్నాను.

చంద్రమోహన్ గోడౌను రైలు గేటు అవతల ఉంది. మర్యాదస్థుడు. "పేరు లేని సామాను మాదేనేమో అని దింపేసినారు మావాళ్ళు. ఈడ ముప్పై రెండు ఇత్తడి గుండిగలుండాయి. మీదేదో చూపించమ్మా, ఇప్పుడే ఇచ్చేస్తా. చూపించలేకపోతే మాత్రం నన్ననద్దు" అన్నాడు. ప్రవీణూ నేనూ వరసగా అన్నీ చూశాం. ఏది చూసినా అదేననిపించింది, రెండోసారి చూస్తే ఏదీ కాదనిపించింది. అమ్మకు ఫోన్ చేశాను. మరుసటి రోజే మామను వెంటబెట్టుకుని రైల్లో వచ్చింది.

అమ్మ పైకి చూడనే లేదు నాయనా. కొంగు నడుముకు దోపుకుని, ఒక్కొక్క గుండిగలో భుజం దాకా చెయ్యి పెట్టి లోపల తడుముతూ పోయింది. "ఏంది పెద్దమ్మా, లోపల దుడ్లేమన్నా దాచినావా?" అన్నాడు చంద్రమోహన్. "దాచుంటే నీకు చెప్తానా" అంది అమ్మ, తడుముతూనే. పంతొమ్మిదో దాంట్లో చెయ్యి ఆగింది. నన్ను పిలిచి నా చెయ్యి తీసుకుని లోపల పెట్టింది.

మూడు గీతలున్నాయి. ఒకదాని మీద ఒకటి, గోరు పట్టేంత లోతు. నువ్వు పాలిష్ పట్టించింది బయటికే కదా.

"ఇది యాభై మందికి. ఇది నూరు మందికి. నీళ్ళు యాడిదాకా పొయ్యల్లో మా అమ్మ ఉలితో గీసుకున్యాది" అంది. పై గీత దగ్గరికి వచ్చాక మామ వైపు తిరిగింది. "ఇది నీ పెండ్లికి గీసింది వేణూ. ఎంతమంది వస్తారో తెలీక చానా పైకి గీసేసింది." మామ కూడా చెయ్యి పెట్టి చూశాడు. చాలాసేపు తియ్యలేదు.

అమ్మ ఏడవలేదు. గుండిగ మీదికి వంగి, లోపలికి నెమ్మదిగా "అమ్మా" అంది. ఆ పిలుపు లోపల తిరిగి మళ్ళీ బయటికి వచ్చింది. చంద్రమోహన్ తల తిప్పుకున్నాడు. అమ్మ పెనుకొండ వదిలి వచ్చిన సంగతి మామ ఆయనకు ముందే చెప్పేశాడు. పళ్ళేలు ఏవి మనవో తేలలేదు. మూడు వేలల్లో ఇరవై ఎట్లా తేలుతాయి? "ఏవైతేనేమమ్మా, ఇరవై తీసుకపోండి" అని తనే ఎంచి ఇచ్చాడు.

మా ఇంట్లో రెండు రోజులుండమన్నాను, ఉండలేదు. స్టేషన్లో గుండిగను పక్కన పెట్టుకుని కూర్చుని, "దీన్ని ఇట్ల మొగం లేకుండా ఇంటికి తీసుకపోలేను" అంది. ఏ ఇంటికి అని నేను అడగలేదు.

వాళ్ళెక్కిన రైలు హిందూపురం పోయేముందు పెనుకొండలో ఆగుతుంది. దిగిందా నాయనా? దిగి ఉంటే ఇప్పటికి నీ జాబు వచ్చేది. దిగలేదనే అనుకుంటున్నాను.

అమృత


పెనుకొండ,
మే 6

అమ్మా అమృతా,

గుండిగ మీద పెనుకొండ అని ఉంది. మీ అమ్మ ఇంటికి వచ్చింది.

ఆ రోజు రైల్లో దిగలేదు, నువ్వనుకున్నది నిజమే. హిందూపురం పోయి, పాత్రల అంగళ్ళ దగ్గర పేర్లు కొట్టే పుల్లయ్య కోసం రోజూ తిరిగిందట. ఇప్పుడంతా మిషన్‌తో గీసేస్తున్నారు. ఆమెకు ఉలీ సుత్తీ పట్టినవాడే కావాలి. పుల్లయ్య తన మనవరాలి పెళ్ళికి పోయి ఉన్నాడు. ఆయన తిరిగి వచ్చేదాకా పది రోజులు గుండిగకు పేరు లేదు, నాకు జాబు లేదు. తర్వాత జరిగింది మీ మామ చెప్పాడు, అట్లాగే రాస్తున్నాను.

పుల్లయ్య గుండిగను ఒళ్ళో పెట్టుకుని, "పేరు చెప్పమ్మా" అన్నాడు.

"పుట్టమ్మ."

టక్ టక్ అని కొట్టాడు. చుక్కకు చుక్క అదే చోట, మెడ కింద. తర్వాత తల ఎత్తకుండానే, "పేరొక్కటే కొడితే యా ఊరికని పంపిస్తారు? ఇంటి పేరన్నా ఊరి పేరన్నా ఉండల్ల" అన్నాడు.

మీ అమ్మ అప్పుడే కొట్టిన అక్షరాల మీద వేలు పెట్టి తిప్పింది. పుల్లయ్య ఉలి పక్కన పెట్టి టీ తెప్పించుకున్నాడు. ఊది ఊది తాగాడు. గ్లాసు కడిగి పెట్టాడు. మీ మామ ఉండబట్టలేక, "హిందూపురమని కొట్టప్పా, దాంట్లో ఆలోచించేదేముండాది" అన్నాడు.

"నువ్వుండు" అంది మీ అమ్మ. "పెనుకొండ కొట్టప్పా" అంది.

మీ మామ అంగడిలోంచి బయటికొచ్చి, అక్క బట్టలు సర్దమని వాళ్ళావిడకు అక్కడి నుంచే ఫోన్ చేశాడట.

బస్సులో గుండిగను సీటు మీద కూర్చోబెట్టుకుని వచ్చారు. "ఏమమ్మా, సీటులో కూర్చున్యాక టిక్కెట్టు కొట్టల్ల కదా" అని కండక్టరు అన్నాడు. "కొట్టప్పా, పెనుకొండకే" అందట మీ అమ్మ.

నేను బస్టాండు దగ్గర లేను. వస్తున్నట్టు నాకు ఎవరూ చెప్పలేదు. బావి దగ్గర కుంకుడుకాయలు కొడుతున్నాను. వీధిలో అలికిడైతే చూశాను. మీ అమ్మ మనింటి ముందు నుంచే పోతూ ఇంట్లోకి రాలేదు. కుంకుడుకాయలు అక్కడే వదిలేసి వెనకే పోయాను. నేరుగా సురేంద్ర అంగడి గదికి పోయింది. వెనక మీ మామ గుండిగ నెత్తిన పెట్టుకుని. దాన్ని మధ్యలో పెట్టి, కొంగుతో తుడిచి, నా వైపు తిరిగింది.

"ఇది ఎవురడిగినా ఇయ్యి. ఇచ్చేముందు నన్నొక మాట అడుగు. ఎంతమందికి వండుతారో కనుక్కోని నాతో చెప్పు. యా గీత దాకా నీళ్ళు పొయ్యల్లో నేను చెప్తా."

"ఇచ్చేముందు చెప్తా" అన్నాను.

"అడుగు. చెప్పడం కాదు."

"అడుగుతా యమునా."

అప్పుడు ఇంట్లోకి వచ్చింది తల్లీ. రాగానే వంటింట్లో నా సర్దుడు చూసి అరగంట తిట్టింది. ఒక్క మాట పోనీకుండా విన్నాను.

ఇప్పుడు వీధంతా పేర్లు కావాలంటోంది. పుల్లయ్యను మూడు రోజులకు పిలిపించాం, సురేంద్ర అంగడి ముందు నీడలో కూర్చుని కొడుతున్నాడు. చదివించినవాళ్ళ పేర్లు కాదు. ఏ ఇంట్లో ఎవరు నలుగురికి వండిపెట్టేవాళ్ళో వాళ్ళ పేరు, ఊరు. ఎవరి పేరు కొట్టించాలో ఇళ్ళల్లో పెద్ద వాదనలే అవుతున్నాయి. తగాదాలు వద్దని నేను పేర్లు చెరిపించాను. ఇప్పుడు ఆ తగాదాలన్నీ వచ్చాయి, ఎంత బాగున్నాయో చెప్పలేను. సురేంద్ర వాళ్ళ అవ్వ పేరు నలభై ఏళ్ళుగా ఎవరూ పలకలేదట. ఇప్పుడు పన్నెండు పళ్ళేల మీద ఉంది. రేపు నామకరణానికి పోతున్నాయి.

ఇక నువ్వు చేయాల్సిన పని. నాకు ఫోన్ వినబడదు కాబట్టి అందరికీ నువ్వే చెప్పాలి. మీ అమ్మ వెళ్ళిన సంగతి తెలిసినవాళ్ళకు అమ్మ వచ్చిందని చెప్పు. తెలియనివాళ్ళకు గుండిగ వచ్చిందని చెప్పు, చాలు.

రామగిరి మేనత్తకు, అమ్మ వచ్చిందని. ఆమెకు అందరికంటే ముందు తెలిసింది, నాకంటే కూడా.

అమరాపురం పెదనాయనకు, గుండిగ వచ్చిందని. ఆయన కన్నడంలో మొదలుపెడతాడు, నువ్వు తెలుగులోనే చెప్పు, అర్థమవుతుంది.

పుట్టపర్తిలో ఉన్న ఆయన కొడుకు చైతన్యకు, గుండిగ వచ్చిందని. ఆసుపత్రి డ్యూటీలో ఉంటాడు, సాయంత్రం చెయ్యి.

మడకశిర వేణుగోపాల్ చిన్నాయనకు, అమ్మ వచ్చిందని. ఎప్పుడు పోయిందని అడిగితే మాత్రం గుండిగ వచ్చిందని చెప్పు.

మీ అత్తగారికి, గుండిగ సంగతే.

అల్లుడికి రెండూ.

మీ మామకు చెప్పే పని లేదు, నా ఎదురుగానే రెండోసారి అన్నం వడ్డించుకుంటున్నాడు.

ఈ పట్టీ మీ అమ్మకు చదివి వినిపించాను. ఇంకెవరైనా మిగిలారా అని అడిగాను. "చంద్రమోహన్‌కు చెప్పమను. పాపం, ఆయప్పకు రెండూ తెలుసు" అంది.